చంటిబిడ్డతో క్రూయిజ్: ఏ మార్గం, ఏ క్యాబిన్, ఏ ఓడ?

మధ్యాహ్నం ఒంటిగంట వేళ ఓడ పైడెక్కు మీద సంగీతం మోగుతూ ఉంటుంది, ఈతకొలను చుట్టూ జనం కిటకిటలాడుతూ ఉంటారు, భోజనశాల ముందు వరస మెల్లగా కదులుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎనిమిది నెలల బిడ్డ కళ్ళు నులుముకోవడం మొదలుపెడుతుంది. ఆ తరువాతి గంటన్నర తల్లిదండ్రుల ప్రపంచమంతా ఒక చిన్న క్యాబిన్‌లో ఇమిడిపోతుంది. తెరలు దించి, దీపాలార్పి, స్నానాలగది తలుపు సందులోంచి వచ్చే వెలుగులో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చెంచా చప్పుడు కూడా కాకుండా తినడమే వారికి ఆ పూట భోజనం.

క్రూయిజ్ ఎంచుకునేవారు సాధారణంగా ఓడ పేరుతో మొదలుపెట్టి, తరువాత మార్గం చూసుకుని, చివర్లో మిగిలిన డబ్బుకు తగిన క్యాబిన్ తీసుకుంటారు. పెద్దవాళ్ళు మాత్రమే వెళ్ళే ప్రయాణానికి ఆ వరస బాగానే పనికివస్తుంది. చంటిబిడ్డ ఉన్నప్పుడు మాత్రం ముందు బిడ్డ వయసు, తరువాత మార్గం, ఆ తరువాత క్యాబిన్, అన్నిటికంటే చివర ఓడ అన్న వరసలో ఆలోచించడం మేలని నా అభిప్రాయం. ప్రకటనల్లో కనిపించే జారుడుబల్లలూ నాటకశాలలూ ఏడాది నిండని బిడ్డకు దాదాపుగా ఏ పనికీ రావు.

## ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

వయసు. పెద్ద క్రూయిజ్ సంస్థల్లో చాలా వరకు 6 నెలలు నిండని బిడ్డను ఎక్కించుకోవు. అట్లాంటిక్ దాటే ప్రయాణాలకూ, హవాయి లాంటి దూరపు మార్గాలకూ, వరసగా మూడు రోజులు లేదా అంతకు మించి తీరం తగలని ప్రయాణాలకూ 12 నెలలు నిండి ఉండాలన్న నిబంధన ఎక్కువ సంస్థల్లో కనిపిస్తుంది. టికెట్టు కొన్న నాటి వయసును కాక, ఓడ బయలుదేరే నాటి వయసునే లెక్కలోకి తీసుకుంటారు. ఈ కట్టుబాటుకు కారణం వైద్యమే. ఓడలోని వైద్యశాల అత్యవసర చికిత్సకు సిద్ధంగా ఉంటుంది గానీ, పిల్లల వైద్య నిపుణులు అక్కడ ఉంటారని ఆశించకూడదు. బిడ్డ పరిస్థితి విషమిస్తే ఒడ్డుకు చేర్చాల్సిందే, ఒడ్డు మూడు రోజుల దూరంలో ఉంటే చేయగలిగింది కొద్దే. వర్జిన్ వాయేజెస్, వైకింగ్ సంస్థల ఓడలు 18 ఏళ్ళు నిండినవారికే పరిమితం. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ సంస్థలో కూడా ఆర్కేడియా, అరోరా ఓడలు పెద్దవారికి మాత్రమే.

నీళ్ళు. చాలామంది తల్లిదండ్రులు ఓడ ఎక్కాక గాని తెలుసుకోని విషయం ఇది. మలమూత్రాల అలవాటు ఇంకా కుదరని పిల్లలను ఓడలోని మామూలు ఈతకొలనుల్లోకి, వేడినీటి తొట్టెల్లోకి దించనివ్వరు. ఈత డైపర్ వేసినా ఒప్పుకోరు. అమెరికా రేవుల నుంచి నడిచే ఓడలను అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పారిశుధ్య తనిఖీలకు లోబరుస్తుంది. ఈత డైపర్ ఘనపదార్థాన్ని కొంతవరకు ఆపుతుందే తప్ప సూక్ష్మజీవులను ఆపదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ కలిపిన నీటిలో కూడా రోజుల తరబడి బతుకుతుంది. అందుకే కొన్ని ఓడల్లో డైపర్ వేసుకునే పిల్లల కోసం విడిగా నీటి చిమ్ముల ఆటస్థలాలు కట్టారు. మీ బిడ్డకు నీళ్ళంటే ప్రాణమైతే, ఓడల మధ్య ఎంపికను తేల్చేది ఈ ఒక్క సంగతే.

పాలు, ఆహారం. పాలపొడి, డైపర్లు ఓడ దుకాణంలో దొరుకుతాయనే భరోసాతో బయలుదేరకూడదు. దొరికినా మీ బిడ్డకు అలవాటైన రకం దొరకకపోవచ్చు. రోజుకు సరిపడే లెక్క వేసుకుని, దానికి రెండు మూడు రోజుల అదనం కలిపి తీసుకువెళ్ళాలి. క్యాబిన్‌లో ఉండే చిన్న ఫ్రిజ్ చాలాసార్లు శీతల పానీయాలు చల్లగా ఉంచేంత మటుకే పనిచేస్తుంది. పిండిన తల్లిపాలు గది ఉష్ణోగ్రతలో 4 గంటలు, సరైన ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంటాయి. కలిపిన పాలపొడి పాలను మాత్రం 2 గంటల్లోపు మొదలుపెట్టి, బిడ్డ నోరు పెట్టాక గంటలో ముగించి, మిగిలితే పారబోయాలి. కాబట్టి ఫ్రిజ్ ఎంత చల్లబడుతుందో చూసుకోవడానికి ఒక చిన్న థర్మామీటర్ వెంట ఉంచుకోవడం అతి జాగ్రత్త అనిపించుకోదు. వేడిచేసే పరికరాలను ఓడల్లో మంట భయంతో నిషేధిస్తారు; సీసా వేడిచేసే పరికరం ఆ నిషేధం కిందికి వస్తుందో రాదో ఒక్కో సంస్థలో ఒక్కో తీరుగా ఉంటుంది గనుక ముందే రాతపూర్వకంగా అడగాలి.

ఓడ ఊగడం. దీని గురించి పెద్దవాళ్ళు పడేంత భయం బిడ్డ విషయంలో అక్కర్లేదు. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రయాణపు వికారం చాలా అరుదు, అది ఎక్కువగా పట్టుకునేది 2 నుంచి 12 ఏళ్ళ మధ్య. వికారం వచ్చేది మీకు, బిడ్డను ఎత్తుకోవలసిందీ మీరే. పెద్దవాళ్ళు వేసుకునే మందులు బిడ్డకు వేయకండి. ముఖ్యంగా ప్రోమెథజీన్ రెండేళ్ళలోపు పిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదం ఉన్నందున నిషిద్ధం.

## మార్గాల పోలిక

| మార్గం | బిడ్డకు అనుకూలం | ఇబ్బంది | ఎవరికి |
|---|---|---|---|
| 3 నుంచి 5 రాత్రుల చిన్న చుట్టు | తక్కువ సామాను, ఇల్లు దగ్గర | అలవాటు పడేలోపు ప్రయాణం ముగుస్తుంది | మొదటిసారి వెళ్ళేవారికి |
| 7 రాత్రుల కరీబియన్ | ఎక్కువ రేవుల్లో ఓడ నేరుగా గట్టుకు చేరుతుంది, బీచ్ దగ్గర | ఎండ. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుపానుల కాలం | నీళ్ళు, ఇసుక కోరుకునేవారికి |
| మధ్యధరా సముద్రం | రేవుకో కొత్త నగరం | పొద్దున్నే దిగాలి, కొన్ని నగరాలు రేవుకు దూరం | బిడ్డను చంకన కట్టుకుని నడవగలవారికి |
| అలాస్కా, నార్వే జలమార్గాలు | క్యాబిన్ నుంచే అందాలు కనిపిస్తాయి | చలి, వాన, దుస్తుల బరువు | తొందర లేనివారికి |
| అట్లాంటిక్ దాటడం | గడియారం మెల్లగా మారుతుంది | 12 నెలలు నిండాలి, దారిలో తీరం లేదు | నిదానపు స్వభావం గలవారికి |

పట్టికలో ఇమడని సంగతులు మధ్యధరా గురించే ఎక్కువ ఉన్నాయి. కార్యక్రమ పత్రంలో 'రోమ్' అని రాసి ఉన్న రోజున ఓడ ఆగేది చివిటావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ నగరానికి గంటకు పైగా ప్రయాణం. 'ఫ్లోరెన్స్' అన్న రోజున లివోర్నోలో దిగి, గంటన్నర దాకా బస్సులోనో రైల్లోనో కూర్చోవాలి. వెళ్ళిరావడానికే బిడ్డ పగటి నిద్రలు రెండూ ఖర్చయిపోతాయి, మెలకువగా ఉన్న కాస్త సేపు రాళ్ళు పరిచిన వీధుల్లో స్ట్రోలర్ గడగడలాడుతుంది. శాంటోరినిలో ఓడ లంగరు వేసి, చిన్న టెండర్ పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది. పడవలోకి స్ట్రోలర్ మడిచి ఎక్కించాలి, ఒడ్డు చేరాక కేబుల్ కారు కోసం వరసలో నిలబడాలి లేదా దాదాపు ఆరువందల మెట్లు ఎక్కాలి. గ్రాండ్ కేమన్‌లో కూడా టెండర్ పడవే గతి. మధ్యధరా వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు, కానీ అక్కడికి వెళ్ళేవారు రెండు రేవుల్లో ఒక రేవు వదిలేసి, ఖాళీ అయిన ఓడలో హాయిగా గడపడానికి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. అలా వదిలేయడానికి మనసొప్పనివారికి, బిడ్డ కాస్త పెద్దదయ్యాక వెళ్ళడమే లాభం.

అలాస్కా మార్గాన్ని చాలామంది చలి పేరు చెప్పి కొట్టిపారేస్తారు. కానీ అక్కడి ఇన్‌సైడ్ పాసేజ్ దీవుల చాటున సాగే జలమార్గం గనుక చాలా భాగం నీరు నిలకడగా ఉంటుంది. గ్లేసియర్ బే లాంటి చోట ఓడ ఎక్కడా ఆగదు, ఎవరూ దిగరు. హిమానీనదాలే కిటికీ ముందుకు వస్తాయి. బిడ్డ నిద్రపోతుండగా ఇంత చూడగలిగే మార్గం మరొకటి తక్కువ. కరీబియన్‌లో ఎండకు బెదిరేవారికి ఇది నిజమైన ప్రత్యామ్నాయం.

అట్లాంటిక్ దాటే ప్రయాణానికి ఒక విచిత్రమైన సుగుణం ఉంది. క్వీన్ మేరీ 2 అనే ఓడ సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రుల్లో వెళుతుంది. రెండు నగరాల మధ్య ఉండే ఐదు గంటల తేడాను రోజుకో గంట చొప్పున ఐదు రాత్రులకు పంచి గడియారాలను వెనక్కి తిప్పుతారు. విమానంలో ఒక్కసారిగా మీదపడే తేడా ఇక్కడ బిడ్డకు తెలియకుండానే కరిగిపోతుంది. తూర్పు దిశగా వచ్చేటప్పుడు రోజులు 23 గంటలవి అవుతాయి గనుక ఆ సుఖం తగ్గుతుంది.

ఏ మార్గమైనా, రేవుకు చేరడానికి విమానం ఎక్కవలసి వస్తే ఒక రోజు ముందే చేరుకోవాలి. ఆలస్యమైన విమానం కోసం ఓడ ఆగదు. ఇక టీకాల మాట: విదేశీ ప్రయాణం చేసే 6 నుంచి 11 నెలల పిల్లలకు తట్టు నివారణ కోసం ఎమ్ఎమ్ఆర్ టీకా ఒక మోతాదు ముందుగానే వేయించాలని సీడీసీ సిఫారసు చేస్తోంది, ఏడాది నిండాక వేయించవలసిన మోతాదుల లెక్కలోకి ఇది రాదు. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు మీ పిల్లల వైద్యుడితో మాట్లాడితే మంచిది.

## క్యాబిన్: డబ్బు ఖర్చు చేయవలసిన చోటు

కిటికీ లేని లోపలి క్యాబిన్ అన్నిటికంటే చవక, పట్టపగలు కూడా చిమ్మచీకటి. వెలుతురుకు తేలిగ్గా లేచిపోయే బిడ్డకు ఇంతకంటే మంచి పడకగది ఉండదు. అయితే అందులో మడతతొట్టి పరిస్తే నడవడానికి జానెడు నేల మిగులుతుంది. బిడ్డ పడుకున్నాక పెద్దవాళ్ళు కూర్చోవడానికి మంచం, స్నానాలగది తప్ప చోటుండదు. సాయంత్రం ఏడున్నరకే నిద్రపోయే బిడ్డతో వారం రోజులు ఇలా గడపడం చిన్న విషయం కాదు.

కిటికీ ఉన్న క్యాబిన్ ఈ పోలికలో నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపిస్తుంది. వెలుతురు లోపలికి వస్తుంది, మీరు బయటికి వెళ్ళలేరు. దిగువ డెక్కుల్లో, ఓడ నడిమధ్యలో ఊపు తక్కువగా ఉండే చోట దొరికితే మాత్రం వికారం పట్టేవారు ఆలోచించవచ్చు.

బాల్కనీ క్యాబిన్ కోసం ఇచ్చే అదనపు డబ్బుకు అసలు ఫలితం సముద్రపు దృశ్యం కన్నా ఒక అద్దపు తలుపు. బిడ్డ ఒక పక్క, మీరు ఒక పక్క. మాట్లాడుకోవచ్చు, తినవచ్చు, చదువుకోవచ్చు, తల తిప్పితే తొట్టి కనిపిస్తుంది. రోజుకు మూడు నాలుగు గంటలు ఇలా గడుస్తాయని లెక్క వేసుకుంటే, చంటిబిడ్డ తల్లిదండ్రులు దేనికైనా ఎక్కువ ఖర్చు చేయదలిస్తే ముందు దీనికే చేయాలని గట్టిగా చెబుతాను. ఒక హెచ్చరిక: బాల్కనీ తలుపు తెరిచి ఉండగా గది తలుపు తెరిస్తే గాలి ఈడ్పుకు ఆ బరువైన తలుపు తుపాకీ పేలినట్టు మూసుకుంటుంది. దోగాడే బిడ్డ వేళ్ళు ఆ సందులో ఉండవచ్చు. ఎప్పుడూ ఒక తలుపు మూశాకే రెండోది తీయాలి. బాల్కనీలోని కుర్చీలను కటకటాలకు దూరంగా ఉంచి, లోపలి గడియ వేసే ఉంచాలి.

సూట్, లేదా లోపలి తలుపుతో కలిసే రెండు క్యాబిన్లు విడి పడకగదిని ఇస్తాయి. తాత అమ్మమ్మలు వెంట వస్తుంటే కలిసే క్యాబిన్లు సూట్ కంటే ఉపయోగపడతాయి, ఎందుకంటే రెండు స్నానాలగదులు దొరుకుతాయి. మామూలు క్యాబిన్లలో చాలావాటికి షవర్ మాత్రమే ఉంటుంది. డిస్నీ ఓడల్లో మాత్రం స్నానపు తొట్టి ఉన్న మామూలు క్యాబిన్లు ఎక్కువ. తొట్టి లేని చోట గాలి ఊదే చిన్న స్నానపు తొట్టి పట్టుకెళితే సరిపోతుంది.

ఏ రకమైనా, డెక్కు పటం ముందు పెట్టుకుని పైనా కిందా ఏముందో చూడండి. ఈతకొలను డెక్కు కింద ఉన్న క్యాబిన్‌లో తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు వినిపిస్తుంది, నాటకశాల మీద ఉన్నదాంట్లో రాత్రి పదకొండు దాకా డప్పులు మోగుతాయి. పైకీ కిందికీ కూడా క్యాబిన్లే ఉన్న డెక్కు ఉత్తమం. ఇంకో చప్పుడును ఏ పటమూ చూపదు: ఓడ మరుగుదొడ్లు గాలి పీడనంతో లాగేవి, నొక్కగానే హోరుమంటాయి. తేలికగా ఉలిక్కిపడే బిడ్డ నిద్రపోయాక మూత వేసి నొక్కడం నేర్చుకోవాలి. బిడ్డ కూడా క్యాబిన్ సామర్థ్యంలో ఒక మనిషిగానే లెక్క, ఎందుకంటే ప్రాణరక్షక పడవల్లో చోటు తలలను బట్టి కేటాయిస్తారు. ఇద్దరు పట్టే క్యాబిన్ తీసుకుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటామంటే కుదరదు.

## ఓడల సంస్థలు

| సంస్థ | రెండేళ్ళలోపు బిడ్డను చూసుకునే ఏర్పాటు | నీటి ఆట |
|---|---|---|
| డిస్నీ | నర్సరీ, 6 నెలల నుంచి 3 ఏళ్ళ వరకు, గంటకు రుసుము | డైపర్ పిల్లలకు విడి చోటు |
| రాయల్ కరీబియన్ | కొన్ని ఓడల్లో నర్సరీ, 6 నుంచి 36 నెలలు, గంటకు రుసుము | కొన్ని ఓడల్లో విడి చోటు |
| కార్నివాల్ | పిల్లల క్లబ్బు 2 ఏళ్ళ నుంచి. చిన్నవారికి రుసుముతో రాత్రి సంరక్షణ | డైపర్ పిల్లలకు అనుమతి లేదు |
| నార్వీజియన్, ఎంఎస్‌సీ | ప్రధానంగా తల్లిదండ్రులు పక్కనే ఉండి ఆడించుకునే గదులు | ఓడను బట్టి |
| పీ అండ్ ఓ, క్యూనార్డ్ | కుటుంబ ఓడల్లో అదనపు రుసుము లేని రాత్రి నర్సరీ | ఓడను బట్టి |

పై రెండు వరసల్లోని నర్సరీలలో సీట్లు పరిమితం. డబ్బు కట్టిన వెంటనే, లేదా ముందస్తు నమోదు తెరిచిన రోజునే వేళలు పట్టుకోకపోతే, ఓడ ఎక్కాక మిగిలేవి ఎవరికీ అక్కర్లేని గంటలే. రాయల్ కరీబియన్‌లో పెద్ద ఓడలకూ పాత చిన్న ఓడలకూ మధ్య తేడా ఎక్కువ. 2024లో వచ్చిన ఐకన్ ఆఫ్ ద సీస్‌లో పసిపిల్లల కోసం బేబీ బే పేరుతో నీటి చోటు కట్టారు, చిన్న ఓడల్లో నర్సరీయే లేకపోవచ్చు. అందువల్ల సంస్థ పేరు చూసి నిశ్చింతగా ఉండక, ఎక్కబోయే ఓడ పేరుతోనే ప్రశ్న అడగాలి.

డిస్నీ, రాయల్ కరీబియన్‌ల మధ్య ఊగిసలాడేవారికి నా సలహా సూటిగా ఉంటుంది. బట్టలు ఉతుక్కునే యంత్రాలు డిస్నీ ఓడల్లో ఉన్నాయి, రాయల్ కరీబియన్‌లో లేవు. ఘనాహారం మొదలుపెట్టిన బిడ్డ రోజుకు నాలుగు జతలు పాడుచేస్తుంది గనుక ఏడు రాత్రుల ప్రయాణంలో ఇది నర్సరీ అంత ముఖ్యమైన తేడా. అయితే డిస్నీ టికెట్టు సాధారణంగా అదే నిడివి గల ఇతర ప్రయాణాల కంటే బాగా ఎక్కువ పలుకుతుంది, ఆ డబ్బులో చాలా భాగం బిడ్డకు ఇంకా అర్థంకాని పాత్రల కోసం, ప్రదర్శనల కోసం కడుతున్నట్టే. పెద్ద పిల్లలు కూడా ఉన్న ఇంటివారికి అది న్యాయమైన ధర. ఒక్క చంటిబిడ్డే ఉంటే, ఆ తేడాతో మరో సంస్థ ఓడలో బాల్కనీ క్యాబిన్ తీసుకోవడం తెలివైన పని.

రాత్రి నర్సరీ అంటే బిడ్డ అక్కడ నిద్రపోతుంది, మీరు భోజనం ముగించుకుని వచ్చి ఎత్తుకెళతారు. ఎక్కడైనా నిద్రపోయే బిడ్డ ఉన్నవారికి ఇది వరం. నిద్రలో ఎత్తుకుంటే లేచి గంటసేపు ఆడుకునే బిడ్డ ఉన్నవారు దీన్ని లెక్కలో వేసుకోకపోవడమే క్షేమం.

## ఎవరికి ఏది

ఆరు నుంచి తొమ్మిది నెలల బిడ్డ, ఇంకా దోగాడడం రానిది, తల్లిపాలు తాగేది అయితే, ఇది క్రూయిజ్‌కు ఊహించనంత తేలికైన దశ. బిడ్డను కట్టుకునే క్యారియర్, చీకటి క్యాబిన్ ఉంటే చాలు. నర్సరీకి డబ్బు పెట్టనక్కర్లేదు.

పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య కథ మారుతుంది. దోగాడే బిడ్డకు నేల కావాలి, ఓడలో శుభ్రమైన ఖాళీ నేల అరుదు. ఇక్కడ ఆటగది ఉన్న ఓడకు, నీటి ఆటస్థలానికి విలువ పెరుగుతుంది. చేతులు నోట్లో పెట్టుకునే వయసు కూడా ఇదే గనుక వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ భయం ఉంటుంది. చేతులకు రాసుకునే ఆల్కహాల్ జెల్ ఆ వైరస్ మీద సరిగా పనిచేయదు, సబ్బుతో కడగడమే దారి.

ఒంటరిగా బిడ్డతో వెళ్ళే తల్లి లేదా తండ్రి నర్సరీ ఉన్న ఓడనే తీసుకోవాలి, చేతులు రెండే గనుక టెండర్ పడవల రేవులున్న మార్గాన్ని తప్పించాలి. రెండో తల్లి లేదా తండ్రి సమ్మతి పత్రం, వీలైతే నోటరీ చేయించి, వెంట ఉంచుకోవాలి; సరిహద్దు దగ్గర అడిగే అవకాశం ఉంది.

స్ట్రోలర్ విషయంలో ఒక్క మాట: క్యాబిన్ తలుపులు ఇరుకు, నడవాలో పెట్టనివ్వరు. మడిస్తే మంచం కింద పట్టేది కాకపోతే ఇంట్లోనే వదిలేయండి.

డబ్బు కట్టే ముందు బిడ్డ పడుకునే తొట్టి, ఎత్తు కుర్చీ, సీసాల శుద్ధికి వేడినీళ్ళు ఏర్పాటు చేస్తారా అని అడిగి, జవాబును ఈమెయిల్ రూపంలో దాచుకోవాలి. ఓడ ఎక్కిన రోజున, సామాను విప్పకముందే క్యాబిన్ సిబ్బందిని పిలిచి పసిపిల్లల లైఫ్ జాకెట్ అడగాలి. 24 గంటలకు మించిన ప్రయాణాల్లో ఓడలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ ఒకటి చొప్పున ఉండాలని సముద్ర ప్రయాణ భద్రత కోసం కుదిరిన సోలాస్ అంతర్జాతీయ ఒప్పందం నిర్దేశిస్తోంది. అది క్యాబిన్ అల్మారాలో మామూలుగా ఉండే పెద్దవారి జాకెట్ల మధ్య కనిపించదు. తెప్పించుకుని, బిడ్డకు ఒకసారి తొడిగి, పట్టీలు ఎలా బిగించాలో పగటి వెలుతురులోనే ఇద్దరూ చూసుకోండి.